నోర్డ్‌లింగెన్: గుండ్రటి ప్రాకారం, కంటికి ఆనని బిలం

ఆకాశం నుంచి తీసిన నోర్డ్‌లింగెన్ అనే జర్మన్ ఊరి ఫొటో చూసినవాళ్లు ఎక్కువమంది ఒకే పొరపాటు పడతారు. ఎర్ర పెంకుల ఇళ్లు, వాటి చుట్టూ దాదాపు వృత్తంలా తిరిగిన ప్రాకారం, నడుమ ఎత్తయిన చర్చి గోపురం. ఫొటో కింద ‘ఉల్క పడిన గుంటలో కట్టిన ఊరు’ అని ఒక ముక్క రాసి ఉంటుంది. ఇంకేం, ఆ గోడే గుంట అంచు అనుకుంటారు. అసలు లెక్క వేరు. ప్రాకారం లోపలి ఊరు ఈ కొస నుంచి ఆ కొసకు కిలోమీటరు కంటే తక్కువ. బిలం వ్యాసం 24 కిలోమీటర్ల పైమాటే. ఊరు దాని నట్టనడుమన కూడా లేదు, కేంద్రానికి కొన్ని కిలోమీటర్లు నైరుతిగా ఉంది. గోడ గుండ్రంగా ఉండటానికీ బిలం గుండ్రంగా ఉండటానికీ ఏ సంబంధమూ లేదు.

అయితే ఈ ఊరికి బిలంతో అసలు సంబంధమే లేదా అంటే, ఫొటో చూపించేదానికంటే చాలా లోతైన సంబంధమే ఉంది. చర్చి కట్టిన రాయి, చుట్టూ పండే పంట, పక్క గుట్టల మీద జరిగిన యుద్ధాలు, వీటన్నిటి వెనకా ఆ బిలమే ఉంది. అది ఒక్క చూపులో కనబడే దృశ్యం కాదు, ముక్కలు ముక్కలుగా వెతికి పోల్చుకోవాలి.

నోర్డ్‌లింగెన్ దక్షిణ జర్మనీలోని బవేరియా రాష్ట్రంలో, డోనౌ-రీస్ జిల్లాలో, వ్యుర్టెంబెర్గ్ సరిహద్దుకు ఆనుకున్నట్టుగా ఉంటుంది. జనాభా 20 వేల పైచిలుకు. ఊళ్లోంచి పారే చిన్న ఏరు పేరు ఎగర్. అది వ్యోర్నిట్స్ నదిలో, వ్యోర్నిట్స్ వెళ్లి డాన్యూబ్‌లో కలుస్తాయి. పడమట స్వేబియన్ ఆల్బ్, తూర్పున ఫ్రాంకోనియన్ ఆల్బ్ అనే సున్నపురాతి ఎత్తుప్రాంతాలు ఉన్నాయి. రెంటి మధ్య ఉన్నట్టుండి పల్లెంలా పరుచుకున్న చదునైన నేల కనబడుతుంది. స్థానికులు దాన్ని ‘రీస్’ అంటారు. చుట్టూ ఉన్న అంచు కంటే మైదానం 100 నుంచి 150 మీటర్లు దిగువన ఉంటుంది. అంచుల మీద అడవి, లోపల దాదాపు అంతా పొలాలే. కారులో వచ్చేవాళ్లు ఆ అంచు దిగేటప్పుడు గమనిస్తే, బిలంలోకి అడుగుపెడుతున్న సంగతి అక్కడే తెలుస్తుంది. ఊళ్లోకి వచ్చాక తెలియదు.

కోటీ 48 లక్షల ఏళ్ల క్రితం జరిగిన ముచ్చట ఇది. కిలోమీటరు లేదా అంతకు కాస్త ఎక్కువ వ్యాసం ఉన్న గ్రహశకలం, సెకనుకు 20 కిలోమీటర్ల స్థాయి వేగంతో ఇక్కడ ఢీకొట్టిందని అంచనా. అప్పటికి ఇక్కడ పైన కొన్ని వందల మీటర్ల మందాన సున్నపురాయి, ఇసుకరాయి, బంకమట్టి పొరలు, వాటి కింద గ్రానైట్, నైస్ వంటి గట్టి పునాది రాళ్లు ఉండేవి. దెబ్బకు పై పొరలు చిందరవందరై పక్కలకు ఎగిసి, దొర్లుకుంటూ పదుల కిలోమీటర్ల దూరం పరుచుకున్నాయి. రంగురంగుల ముక్కల కలగలుపు కావడంతో వీటిని ‘రంగుల బ్రెచ్చియా’ అంటారు. పునాది రాళ్లు మాత్రం కొంత కరిగి, కొంత నుజ్జయి, వేడి మబ్బులా లేచి తర్వాత కిందికి దిగాయి. అలా దిగి గడ్డకట్టిన బూడిదరంగు రాయి సూవిట్. రెండూ ఉన్న చోట సూవిట్ పైన, రంగుల బ్రెచ్చియా కింద ఉంటుంది. రెంటి నడుమ గీత కత్తితో కోసినట్టు స్పష్టంగా కనిపిస్తుంది. ముందు చల్లటి చెత్త, ఆ తర్వాత వేడి బూడిద పడ్డాయని చెప్పడానికి ఆ గీతే సాక్ష్యం. నేల పైపొర మీదున్న ఇసుక కరిగి ఇంకా దూరం ఎగిరిపోయింది. చెక్ దేశంలో దొరికే ఆకుపచ్చ గాజురాయి మోల్డవైట్ ఇక్కడి నుంచి వెళ్లిందే.

తర్వాత గుంటలో నీళ్లు చేరి ఉప్పు సరస్సు అయింది. అది సుమారు 20 లక్షల ఏళ్లు ఉండి, తన సొంత బురదతోనే పూడిపోయింది. 1973లో ఊరి దగ్గర పరిశోధన కోసం 1,206 మీటర్ల లోతు బోరు వేసినప్పుడు పై భాగంలో వందల మీటర్ల మందాన ఆ సరస్సు మట్టే తగిలింది. దాని మీద మంచుయుగాల్లో గాలి మోసుకొచ్చిన లోయెస్ అనే మెత్తటి సారవంతమైన మట్టి చేరింది. ఆల్బ్ మీద రాళ్ల మధ్య గొర్రెలు మేస్తుంటే రీస్‌లో గోధుమ, బార్లీ పండటానికి కారణం ఇదే. నోర్డ్‌లింగెన్ ధాన్యపు సంతగా ఎదగడానికీ మూలం అక్కడే ఉంది.

1960 దాకా ఈ ప్రాంతాన్ని ఎక్కువమంది భూగర్భ శాస్త్రజ్ఞులు చల్లారిన అగ్నిపర్వతంగానే లెక్కగట్టారు. వాళ్లను తప్పుపట్టడానికి లేదు. సూవిట్ చూడటానికి అచ్చం అగ్నిపర్వతపు బూడిదరాయిలా ఉంటుంది, లోపల గాజు ముక్కలు కూడా ఉంటాయి. ఇది ఉల్క పనేనని 1904లో ఎర్నెస్ట్ వెర్నర్, 1936లో ఒట్టో స్టూట్సర్ అన్నారు గానీ ఎవరూ పట్టించుకోలేదు. 1960లో అమెరికన్ శాస్త్రజ్ఞుడు యూజీన్ షూమేకర్ తూర్పు అంచున ఉన్న ఓటింగ్ క్వారీ నుంచి రాళ్లు తీసుకెళ్లాడు. ఎడ్వర్డ్ చావో వాటిలో కోసైట్ ఉందని తేల్చాడు. కోసైట్ అంటే మామూలు క్వార్ట్జే, విపరీతమైన ఒత్తిడికి అణువులు దగ్గరగా ఇరుక్కుపోయిన రూపం. అది పుట్టాలంటే వాతావరణ పీడనానికి 20 వేల రెట్లకు మించిన ఒత్తిడి కావాలి. అగ్నిపర్వతం నేల పైపొరల్లో అంత ఒత్తిడి పుట్టించలేదు. ఆ తర్వాత ఇంకా ఎక్కువ ఒత్తిడి కోరే స్టిషోవైట్ కూడా ఇక్కడి రాళ్లలో దొరికింది. వాదన అక్కడితో ముగిసింది. మన దగ్గర మహారాష్ట్రలోని లోణార్ సరస్సుదీ ఇదే కథ. దాన్నీ మొదట అగ్నిపర్వతం ఖాతాలోనే వేశారు. అయితే లోణార్ వ్యాసం 1.8 కిలోమీటర్లే, గట్టు మీద నిలబడితే మొత్తం కనిపిస్తుంది. రీస్ కనిపించదు.

1970 ఆగస్టులో అపోలో 14 వ్యోమగాములు అలన్ షెపర్డ్, ఎడ్గర్ మిచెల్, వాళ్లకు ప్రత్యామ్నాయంగా ఉన్న యూజీన్ సెర్నాన్, జో ఎంగిల్ ఇక్కడికి వచ్చి శిక్షణ తీసుకున్నారు. వాళ్లు దిగబోయే ఫ్రా మౌరో ప్రాంతం చంద్రుడి మీద ఒక పెద్ద తాకిడికి ఎగిరిపడ్డ రాళ్ల గుట్ట. ఏ రాయి ఎంత లోతు నుంచి వచ్చింది, ఏది నలిగింది, ఏది కరిగింది అన్నది చూపుతోనే గుర్తుపట్టి ఏరుకోవాలి. పైలట్లకు ఆ చూపు అలవాటు చేయడానికి రీస్ క్వారీలు పనికొచ్చాయి. యూరప్ అంతరిక్ష సంస్థ తన పాంజియా శిక్షణలో భాగంగా ఇప్పటికీ వ్యోమగాములను ఇక్కడికి పంపుతోంది. 2022లో యునెస్కో ఈ ప్రాంతాన్ని గ్లోబల్ జియోపార్క్‌గా గుర్తించింది.

వజ్రాల ఊరు అనే మాట ఎంతవరకు నిజం

‘ఇళ్లన్నీ వజ్రాలతో కట్టిన ఊరు’ అని వీడియోల్లో ఊదరగొడతారు. పునాది నైస్ రాయిలో గ్రాఫైట్ ఉంది. తాకిడి ఒత్తిడికి అది క్షణంలో వజ్రంగా మారింది. ఆ వజ్రాలు సూవిట్‌లో ఉన్నాయి, సూవిట్ చర్చి గోడల్లో ఉంది. ఇంతవరకు నిజమే. బిలం మొత్తం మీద అవి 72,000 టన్నులు ఉంటాయని ఒక అంచనా కూడా ఉంది. కానీ వాటి పరిమాణం మిల్లీమీటరులో రెండు మూడు పదో వంతులు దాటదు. సూక్ష్మదర్శిని లేకుండా కనబడవు, నగకు పనికిరావు, గోడలో తళుక్కుమనవు. పైగా ఊళ్లో మామూలు ఇళ్లు ఎక్కువగా చెక్క చట్రాల మధ్య మట్టి, ఇటుక నింపి కట్టినవి. సూవిట్ రాయి వాడింది ముఖ్యంగా సెయింట్ జార్జ్ చర్చిలో, ఇంకా కొన్ని పెద్ద కట్టడాల్లో, అక్కడక్కడ గుమ్మాలకు. కాబట్టి గోడను గీకి చూడటం దండగ, అక్కడివాళ్లకు కోపం తెప్పించడం తప్ప లాభం లేదు.

గోడలో చూడదగ్గవి వజ్రాలు కావు, గాజు. సెయింట్ జార్జ్ చర్చి రాళ్ల దగ్గరికి వెళ్లి చూస్తే బూడిదరంగు రాయిలో నల్లగా, సాగదీసినట్టున్న మచ్చలు కనిపిస్తాయి. అవి కరిగి, గాలిలోనే మెలికలు తిరిగి, పడి గడ్డకట్టిన రాతి ముద్దలు. స్వేబియాలో పులుసులో వేసుకునే అట్టు ముక్కల పేరు మీద వాటిని ‘ఫ్లేడ్లె’ అంటారు. పక్కనే తెల్లగా, లేత ఎరుపుగా కనిపించేవి గ్రానైట్ తునకలు. చర్చికి వాడిన రాయి నైరుతి అంచున ఉన్న ఆల్టెన్‌బ్యుర్గ్ క్వారీది. మెత్తగా ఉండటంతో చెక్కడం సులువు, పాత మేస్త్రీలకు నచ్చింది అందుకే. దానివల్లే చిక్కు కూడా వచ్చింది. సూవిట్‌లోని గాజు కొంత బంకమట్టి ఖనిజాలుగా మారి ఉంటుంది. అవి నీళ్లు పీల్చుకుని ఉబ్బుతాయి, ఎండితే కుంచించుకుపోతాయి, చలికాలంలో లోపలి తడి గడ్డకట్టి రాయి పొరలుగా రాలుతుంది. అందుకే ఈ చర్చికి రాతి మరమ్మతు ఎప్పటికీ తెమలని పని. వెళ్లిన రోజున గోపురానికి పరంజా కట్టి ఉంటే ఆశ్చర్యపోనక్కర్లేదు.

గోడ ఎందుకు గుండ్రం

ఊరి పేరు మొదటిసారి 898 నాటి పత్రంలో కనిపిస్తుంది. 1215లో పవిత్ర రోమన్ చక్రవర్తి రెండో ఫ్రెడరిక్ కాలంలో ఇది స్వతంత్ర సామ్రాజ్య నగరమైంది, అంటే చక్రవర్తికి తప్ప ఏ సంస్థానాధీశుడికీ జవాబు చెప్పనక్కర్లేదు. 1219 నాటి పత్రాల్లోనే పెంతెకొస్తు సంత ప్రస్తావన ఉంది, అది నేటికీ జరుగుతోంది. ఉన్ని బట్ట, తోలు, ధాన్యం ఈ ఊరి సరుకులు. తోలు శుద్ధికి నీళ్లు కావాలి కాబట్టి ఎగర్ పక్కన తోలు పనివాళ్ల పేట పెరిగింది. పై అంతస్తుల్లో తోళ్లు ఆరబెట్టడానికి గాలి ఆడేలా కట్టిన ఇళ్లు అక్కడ నేటికీ ఉన్నాయి.

మొదటి గోడ చర్చి, సంతవీధుల చుట్టూ చిన్న అండాకారంలో ఉండేది. ఐదు దారులు ఐదు ద్వారాల్లోంచి బయటికి పోయేవి. వాటి వెంట ఇళ్లు పెరిగి గోడ బయట కూడా ఊరు ఏర్పడింది. 1327లో చక్రవర్తి లుడ్విగ్ ఆ బయటి పేటలను కలుపుకుంటూ కొత్త గోడ కట్టమన్నాడు. ఒక నడిబొడ్డు నుంచి అన్ని వైపులా సమానంగా పెరిగిన ఊరికి, చదును నేల మీద, తక్కువ రాయితో ఎక్కువ స్థలం చుట్టాలంటే వృత్తమే చవక. అంతకు మించి రహస్యం లేదు. పాత గోడ పోయింది గానీ దాని కందకం ఉన్న చోట వంపు తిరిగిన వీధులు మిగిలాయి. మ్యాపులో పెద్ద వలయం లోపల చిన్న వలయంలా అవి కనిపిస్తాయి.

కొత్త గోడ పొడవు సుమారు 2.7 కిలోమీటర్లు. ఐదు ద్వారాలు: బాల్డింగర్, లోప్‌సింగర్, డైనింగర్, రైమ్‌లింగర్, బెర్గర్. పైన కప్పు ఉన్న నడవా ఊరంతా చుట్టి వస్తుంది. రోటెన్‌బుర్గ్, డింకెల్స్‌బ్యూల్ వంటి పక్క ఊళ్లలోనూ గోడలున్నాయి గానీ గోడ మీద పూర్తి చుట్టు నడవగలిగేది జర్మనీలో ఇక్కడే. నడకకు టికెట్ లేదు. ఆగుతూ చూస్తూ వెళితే గంట పడుతుంది. కర్ర పలకలు వానకు జారతాయి, మెట్లు నిటారుగా ఉంటాయి. చిన్నపిల్లల బండి పైకి ఎక్కించాలనుకోవడం వృథా ప్రయాస.

ఈ గోడ మిగలడానికి గొప్ప సంరక్షణ స్పృహ కంటే ముందు పేదరికం కారణం. యూరప్‌లో క్యాథలిక్, ప్రొటెస్టెంట్ పక్షాల మధ్య సాగిన ముప్పై ఏళ్ల యుద్ధంలో 1634 సెప్టెంబర్ మొదటివారంలో ఊరి దక్షిణాన ఆల్బూఖ్ గుట్ట కోసం పెద్ద పోరు జరిగింది. ఊరిని ముట్టడించిన చక్రవర్తి సేనల మీదికి గుస్తావ్ హోర్న్, బెర్నార్డ్ అనే సేనానుల నాయకత్వంలో స్వీడిష్ పక్షం వచ్చింది. గుట్టను పట్టుకుని కూర్చున్న స్పెయిన్ కాల్బలం ఒకటి తర్వాత ఒకటిగా దాడులను తిప్పికొట్టింది. హోర్న్ బందీ అయ్యాడు. దక్షిణ జర్మనీలో స్వీడన్ పట్టు అక్కడితో సడలింది, మరుసటి ఏడాది ఫ్రాన్స్ బాహాటంగా యుద్ధంలోకి దిగాల్సి వచ్చింది. 1645 ఆగస్టు 3న మళ్లీ ఇదే మైదానంలో, ఆలెర్‌హైమ్ దగ్గర ఫ్రెంచి, బవేరియన్ సేనలు తలపడ్డాయి. బవేరియా సేనాని ఫ్రాంట్స్ ఫొన్ మెర్సీ అక్కడే చనిపోయాడు. అతని సేన ఆసరా చేసుకున్న వెన్నెన్‌బెర్గ్ గుట్ట బిలం లోపలి వలయంలో భాగం. తాకిడికి లోతు నుంచి పైకి లేచిన పునాది రాయి అది. చదును నేలలో సేనకు ఎత్తు కావాలంటే బిలం మిగిల్చిన గుట్టలే దిక్కు మరి.

యుద్ధాలతో జనం, వర్తకం రెండూ దెబ్బతిన్నాయి. తర్వాతి రెండు శతాబ్దాల్లో ఊరు గోడ దాటి పెరగలేదు. పాత ఇళ్లు పడగొట్టి కొత్తవి కట్టే డబ్బూ లేదు. 1803లో బవేరియాలో కలిసిపోయింది. 1826లో రాజు మొదటి లుడ్విగ్ గోడను కూల్చకూడదని ఆజ్ఞ ఇచ్చేనాటికి, అదృష్టవశాత్తూ, కాపాడటానికి ఇంకా గోడ ఉంది.

టూరిస్టు కరపత్రాలు తొందరగా దాటేసే సంగతి ఒకటుంది. 1589 నుంచి 1598 వరకు ఈ ఊళ్లో మంత్రగత్తెల పేరుతో విచారణలు జరిగి 34 మంది ఆడవాళ్లను, ఒక మగవాణ్ణి చంపారు. సత్రం నడిపే మరియా హోల్ 62 సార్లు చిత్రహింస పెట్టినా నేరం ఒప్పుకోలేదు. 1594లో ఆమెను వదిలిపెట్టక తప్పలేదు. ఆ తర్వాత విచారణల ఉద్ధృతి తగ్గిపోయింది. వైన్‌మార్క్ట్ అనే సంతవీధిలో ఆమె పేరున నీటి ఫౌంటెన్ ఉంది.

చూసే క్రమం

ఒక రోజు చాలు, క్రమం ముఖ్యం. మ్యూజియం ముందు, క్వారీ తర్వాత. తిరగేసి వెళితే క్వారీలో బూడిదరంగు గోడ తప్ప ఏమీ అర్థం కాదు. రీస్ బిలం మ్యూజియం 1990లో తెరిచారు, 16వ శతాబ్దపు కొట్టంలో ఉంది. సూవిట్ కోతలు, కోసైట్ వివరణ, అపోలో 16 తెచ్చిన చంద్రశిల ఉన్నాయి. సోమవారం సెలవు. ఈ ఒక్క విషయం చూసుకోక నిరాశపడేవాళ్లు చాలామంది.

చర్చి నిర్మాణం 1427లో మొదలై 1505లో ముగిసింది. లోపలి ప్రధాన బలిపీఠపు శిల్పాలు 15వ శతాబ్దివి. వాటికి ఫ్రీడ్రిష్ హెర్లిన్ వేసిన చిత్రఫలకాలు మాత్రం ఊరి మ్యూజియంలో ఉన్నాయి, కనుక రెండూ చూస్తేనే పని పూర్తవుతుంది. గోపురాన్ని అందరూ ‘డానియెల్’ అంటారు. ఎత్తు దాదాపు 90 మీటర్లు, మెట్లు 350, లిఫ్ట్ లేదు. కింది మెట్లు రాతివి, ఇరుకు. పైవి చెక్కవి. దారిలో బరువులు పైకి లాగడానికి మనుషులు లోపల నడిచి తిప్పిన పాత చక్రం కనబడుతుంది. బిలం అంచు నిజంగా చూడాలంటే ఇదే చోటు. కానీ ఊరి కప్పులు చూసి దిగిపోకూడదు, దిగంతం వైపు చూడాలి. నైరుతిలో అడవి గీత దగ్గరగా, తూర్పున లీలగా ఉంటుంది. ఆ తేడా చాలు, ఊరు బిలం మధ్యలో లేదని తెలియడానికి. పల్లపు నేల కావడంతో శరదృతువులో, చలికాలంలో పొగమంచు కమ్ముకుంటుంది. అలాంటి పొద్దున గోపురం ఎక్కితే టికెట్ డబ్బులు పోయినట్టే, మధ్యాహ్నం దాకా ఆగాలి.

రాత్రి 10 నుంచి 12 దాకా అరగంటకోసారి గోపురం మీది కావలివాడు ‘జో, గ్జెల్, జో’ అని కేకేస్తాడు. 1440లో లంచం తిన్న కావలివాడు తెరిచి ఉంచిన ద్వారాన్ని ఒక పంది ఒళ్లు రుద్దుకుంటూ బయటపెట్టిందని, ఒక ఆడమనిషి చూసి ఇదే కేక పెట్టిందని కథ. కథ మాట ఎలా ఉన్నా కేక మాత్రం నిజం. దానికోసమైనా ఒక రాత్రి ఉండొచ్చు.

మధ్యాహ్నం మిగిలితే ఊరికి నైరుతిన హోల్‌హైమ్ వైపు సైకిల్ మీద వెళ్లడం మంచిది. పల్లెలకు బస్సులు వారాంతాల్లో పలచగా ఉంటాయి. అక్కడ లిండ్లె పాత క్వారీలో తాకిడికి నలిగిన సున్నపురాయి, పక్క గుట్టలో ఓఫ్నెట్ గుహలు, గుట్ట కింద రోమన్ల కాలపు పొలం ఇంటి పునాదులు ఒకే నడకలో వస్తాయి. 1908లో ఆ గుహల్లో మధ్య రాతియుగపు పుర్రెలు గూళ్లలో పేర్చినట్టు దొరికాయి. ఇవన్నీ రక్షిత స్థలాలు, సుత్తితో రాయి కొట్టడం నిషేధం.

నోర్డ్‌లింగెన్‌లో ఐసీఈ అనే వేగపు రైళ్లు ఆగవు. మ్యూనిక్ నుంచైతే డోనౌవ్యోర్త్‌లో, స్టుట్‌గార్ట్ నుంచైతే ఆలెన్‌లో మారి చిన్న రైలు ఎక్కాలి, ఎటునుంచైనా సుమారు రెండు గంటలు. జర్మనీలో చదువుకుంటూ, ఉద్యోగం చేసుకుంటూ డాయిచ్‌లాండ్ టికెట్ (ప్రాంతీయ రైళ్లలో దేశమంతా చెల్లే నెలవారీ పాసు) తీసుకున్న తెలుగువాళ్లకు అదనపు ఖర్చు లేదు, ఐసీఈ ఎక్కకుండా ప్రాంతీయ రైళ్లలోనే వస్తే చాలు. ఒక్క రోజుకు బవేరియా లోపల చెల్లే బయర్న్ టికెట్ తీసుకుంటే మామూలు పనిరోజుల్లో ఉదయం 9 తర్వాతే చెల్లుతుంది, అంతకు ముందు రైలెక్కితే జరిమానా. తిరుగు ప్రయాణం డోనౌవ్యోర్త్ మీదుగా పెట్టుకుంటే మధ్యలో హార్‌బుర్గ్ స్టేషన్ వస్తుంది. వ్యోర్నిట్స్ నది బిలం దాటి బయటపడే సందు అదే, గుట్ట మీద పెద్ద కోట కూడా ఉంది. ఒక రైలు వదిలేసి తర్వాతి దానికి అందుకునేలా చూసుకుంటే కోట పూర్తవుతుంది. చలికాలంలో కోట మూసేస్తారు కాబట్టి ఆ ఏర్పాటు ఏప్రిల్ నుంచి అక్టోబర్ లోపే కుదురుతుంది.